రైలుకు సాక పోసిన రోజు

కోరుట్లలో మా బాపు స్టూడియో మూసేసిన రోజు వచ్చినవాళ్లందరూ కెమెరాలు ఏం చేస్తున్నారని అడిగారు. నేను మాత్రం కోటు ఏదని అడిగాను. అది నల్ల కోటు. ఎడమ జేబు కింద ఇస్త్రీ పెట్టె కాల్చిన మరక ఉంటుంది. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి దుబాయికీ మస్కట్‌కూ పోయిన మగవాళ్లలో చాలామంది ఆ ఒక్క కోటులోనే పాస్‌పోర్టు ఫోటో దిగారు. సన్నగా ఉన్నవాళ్లకు బాపు వీపు వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాడు. లావుగా ఉన్నవాళ్లను ఊపిరి బిగబట్టమనేవాడు. నేను పెళ్లయి సిరిసిల్లకు వచ్చాక ఎవరింటికి పోయినా ముందు గోడ చూసేదాన్ని. కొత్త ఊరు, కొత్త మనుషులు, గోడ మీద మాత్రం మా కోటు. ఎవరి కొడుకో, ఎవరి మొగుడో, నవ్వకుండా, రెండు చెవులూ కనబడేలా దాంట్లో నిలబడి ఉండేవాడు. పుట్టింటి మనిషి కనబడినట్టు ప్రాణం లేచి వచ్చేది.

కోటు ట్రంకుపెట్టెలో అడుగున దొరికింది. దులిపి మడత పెడుతుంటే లోపలి జేబులో ఏదో గరగరలాడింది. తీసి చూస్తే వెన్న కాగితం కవరు, దాంట్లో మూడు నెగెటివ్‌ల ముక్క. మధ్య బొమ్మ ఉన్న చోట కవరు మీద ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేసిన గుర్తు. పనికిరాని ఫోటోకు బాపు పెట్టే గుర్తు అది. కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు పట్టి చూశాను. నెగెటివ్‌లో మొహాలు నల్లగా, జుట్టు తెల్లగా ఉంటాయి కదా, అయినా చూడగానే పోల్చుకున్నాను. వరుసగా ఏడుగురు ఆడవాళ్లు. వాళ్ల చేతుల్లో బిందెలు. ఆ ఫోటో తెచ్చి ఇస్తానని మాట ఇచ్చింది నేను. ఇచ్చి మరిచిపోయిందీ నేనే.

మా ఇల్లు ఎట్లా ఉండేదో ముందు చెప్పాలి. ముందు గది స్టూడియో, నడిమి గది అమ్మ బీడీలు చుట్టే చోటు, వెనక స్నానాల గది బాపు ఫోటోలు కడిగే చీకటి గది. దాంట్లో ఎర్ర బల్బు వెలిగిందంటే ఇంట్లో ఎవరికీ స్నానం లేదు. పండగ పూట తలకు నూనె పెట్టుకుని ఎన్నిసార్లు గుమ్మం ముందు కూర్చున్నామో లెక్కలేదు. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, ఫోటోలు కడిగే మందు పులుపు, ఫోటోకు వచ్చినవాళ్లు తలకు పట్టించుకున్న కొబ్బరి నూనె, అన్నీ కలిసి మా ఇంటి వాసన. బళ్లో ఒక పిల్ల నా పక్కన కూర్చోలేక బెంచీ మారింది. అప్పుడు ఏడ్చాను కానీ, ఇప్పుడు ఆ వాసన సీసాలో పోసి అమ్మితే కొనుక్కునే మొదటి మనిషిని నేనే.

ఫోటోకు వచ్చినవాళ్లు నడిమి గదిలో అమ్మ పక్కన చాప మీద కూర్చునేవారు. అమ్మ కత్తెరతో ఆకు కోస్తూనే వాళ్ల ఊరు, ఇంటిపేరు, పిల్లలెందరు, వీసా ఎవరు పంపారు, అన్నీ రాబట్టేది. లోపలికి పోయేసరికి వాళ్లకు సగం బెరుకు పోయేది. మిగిలిన సగం బాపు చూసుకునేవాడు. ఆయన మాటలు ఎప్పుడూ ఆ మూడే. "తల లేపు. చెవులు కనవడాలె. నవ్వద్దు." తర్వాత ఊరికే నిలబడి ఆ మనిషినే చూసేవాడు. ఎంతసేపు చూస్తాడో ఎవరికీ తెలియదు. ఎదుటివాడి మొహంలో భయం కాస్త సడలి, తన మొహం తనకు వచ్చే క్షణం ఒకటి ఉంటుందట. అప్పుడు మీట నొక్కేవాడు. ఒక మనిషికి ఒక్కసారే. కళ్లు మూశాడేమో, ఇంకోటి తీద్దాం అనే మాట ఆయన నోట నేను వినలేదు. నేను చూసిన పనివాళ్లలో తన పని మీద అంత నమ్మకం ఉన్న మనిషి ఇంకొకరు లేరు. ఆ నమ్మకమే ఒకనాడు ఆయన్ను ముంచింది, ఆ సంగతికి వస్తాను.

బాపుకు రైళ్ల పిచ్చి. పెళ్లికి ముందు బొంబాయిలో ఒక స్టూడియోలో పని నేర్చుకున్నాడు. ఆ స్టూడియో కిటికీ కింద నుంచే పట్టాలు పోయేవట. ఊరికి తిరిగొచ్చాక ఆయనకు పెళ్లాం దొరికింది, స్టూడియో దొరికింది, రైలు మాత్రం దొరకలేదు. మా వైపు అప్పటికి రైలు కూతే లేదు. అన్నం తింటూ తింటూ ఆగి, "గిప్పుడు అక్కడ ఎనిమిది గంటల బండి పోతది" అనేవాడు. అమ్మ ఇంకో ముద్ద పెట్టి, "పోనీ తియ్, నువ్వు తిను" అనేది. కరీంనగర్ నుంచి జగిత్యాల వైపు కట్ట పోస్తున్నారని తెలిసిన నాటి నుంచి ప్రతి ఆదివారం సైకిల్ బస్సు మీద వేసుకుని పోవడమే. మట్టి కట్ట ఎత్తు పెరగడం, వంతెనల గుంజలు లేవడం, కంకర పరవడం, అన్నీ చూసి వచ్చి, సొంత ఇల్లు లేస్తున్నట్టు అమ్మకు చెప్పేవాడు. కోరుట్లకు రైలు రావడానికి ఇంకా ఎన్నో ఏళ్లు ఉన్నాయి. ఆ ఆత్రం మాత్రం అప్పుడే మొదలైంది.

జగిత్యాల స్టేషన్ ఊరికి అంచున లింగంపేట దగ్గర కట్టారు. అక్కడికి పట్టా పరీక్షించడానికి మొదటి రైలు వస్తుందని తెలిసింది. జనం ఎక్కేది కాదు, అధికారులు కూర్చుని మెల్లగా నడిపి చూసుకునేది. అయినా మా నేల మీదికి వచ్చే మొదటి రైలు కదా. బాపు నెలరోజుల ముందు నుంచే తయారయ్యాడు. స్టేషన్‌కు అవతల, కరీంనగర్ వైపు, పట్టా ఒక వంపు తిరిగే చోటు, పక్కన నిలబడ్డా ఇంజన్ మొహం సూటిగా కనబడే చోటు, చూసి పెట్టుకున్నాడు. అప్పటికే ఊళ్లో మిగతా స్టూడియోలకు డిజిటల్ కెమెరాలు వచ్చాయి. బాపు మాత్రం రైలుకు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మే అన్నాడు. నేను డిగ్రీ చదువుతున్నాను. నాకు రైళ్ల మీద అంత ప్రేమ లేదు కానీ, కాలేజీ ఎగ్గొట్టే ప్రేమ ఉంది. వెంట పోయాను.

ఆ పొద్దున బాపు కోటు వేసుకున్నాడు. పదుగురికి తొడిగాడే తప్ప తాను తొడుక్కోగా నేనెప్పుడూ చూడలేదు. అమ్మ జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టి ఇస్తూ పైనుంచి కిందికి చూసి, "మన లగ్గానికి గూడ గింత తయారు కాలె నువ్వు" అంది. బస్సులో కండక్టరు టికెట్ కొడుతూ, "ఏందే రాజన్నా, నువ్వు గూడ దుబాయి పోతున్నవా?" అన్నాడు. బాపు పేరు లక్ష్మీరాజం. ఊరంతటికీ రాజన్న. "కాదే, చుట్టం అస్తున్నడు, తోలుకచ్చెటందుకు పోతున్న" అన్నాడు బాపు. అంత సంతోషంగా ఉన్న బాపును నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాత కూడా తక్కువే చూశాను.

మేం పోయేసరికి స్టేషన్ దగ్గర జనం మూగి ఉన్నారు. ఇంకా సున్నం వాసన పోని గోడలు, పేరు రాయని పసుపు పలక, ఒకే ఒక్క బెంచీ. పొద్దున ఒక కంకర బండి వచ్చింది. బాపు దాన్ని పట్టాల నడుమ నిలబడి, సూటిగా ఎదురు నుంచి ఫోటో తీశాడు. మధ్యాహ్నం ఒంటి ఇంజన్ ఒకటి అటూ ఇటూ తిరిగింది. దాన్నీ అట్లాగే తీశాడు. నేను ఊరుకోలేకపోయాను. "బాపూ, జెర పక్కపొంటి నిలవడి తియ్యరాదే. పొడుగంత కనవడుతది" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "పక్కపొంటి తీస్తె ఒక్క చెవే కనవడుతది బిడ్డా" అన్నాడు. ఇంజన్ మొహానికి ఇరువైపులా పళ్లేల్లాంటి గుండ్రటి ఇనుప బిళ్లలు ఉంటాయి. బఫర్లు అంటారు. ఆయన లెక్కలో అవి చెవులు. ఎన్నో ఏళ్లు పాస్‌పోర్టు ఫోటోలు తీసిన మనిషి రైలును కూడా పాస్‌పోర్టుకే తీస్తున్నాడని నాకప్పుడు అర్థమైంది. నవ్వాను. ఆ నెగెటివ్‌లు ఇప్పుడు వరుసగా చూస్తుంటే నవ్వు రావడం లేదు. ప్రతి ఇంజన్‌కూ ఒక మొహం ఉంది. అలిసిపోయిన మొహం, కోపం మొహం, ఊరికి కొత్త అయిన మొహం. అట్లా తీసినవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

పొద్దున్నే వస్తుందన్న రైలు మధ్యాహ్నం దాటినా రాలేదు. జనం విసుక్కుంటున్నారు, కొందరు ఇళ్లకు పోయారు. ఆ గుంపులో రైలు ఇంకా ఆలస్యం కావాలని కోరుకున్నది బాపు ఒక్కడే. "పొద్దుగాల అస్తె ఎండ దాని ఎనుక ఉంటది, మొహం నల్లగ పడుతది. మాపటీలి అస్తె ఎండ సక్కగ మొహం మీద కొడుతది. రానీ, నిమ్మళంగ రానీ" అంటూ రొట్టె నమిలాడు. మేం వంపు దగ్గరికి పోయి కూర్చున్నాం. పక్క చేలల్లో పసుపు ఉడకబెడుతున్నారు. ఆ ఆవిరి గాలిలో కలిసి మా దాకా వస్తోంది. అక్కడే ఒక చెట్టు నీడలో ఆరేడుగురు ఆడవాళ్లు బిందెలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు.

వాళ్లలో ఒకామె లేచి వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉంది. రెండు అరచేతులకూ పాత గుడ్డ పేలికలు చుట్టుకుంది. ఆమే మల్లవ్వ. కొడిమ్యాల ఆమె. మట్టి కట్ట పోసిన నాటి నుంచి కంకర పరిచే దాకా ఆ లైను వెంట కూలి చేసుకుంటూ ఇంత దూరం వచ్చారట వాళ్లందరూ. బాపు మెడలో కెమెరా చూసి, "ఫోటోల సారూ, రైలు ముంగట మమ్ముల గూడ ఒక పటం దించు సారూ" అంది.

"మనుషులు అడ్డమస్తె రైలు కనవడది" అన్నాడు బాపు.

"అడ్డం రాము. పక్కకు నిలవడుతం."

"పక్కకు గూడ వద్దు. రైలు ఒక్కటే ఉండాలె."

ఆమె బాధపడలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది. "నా కొడుకు మస్కట్ల ఉన్నడు బిడ్డా. నేను రైలు పట్టా ఏస్తున్ననంటె నవ్వుతున్నడు. 'నువ్వేం ఏస్తవే, గవన్ని మిషిన్లు ఏస్తయి' అంటున్నడు. ఆనికి ఒక పటం పంపుదామని" అంది. తన ఫోటో అంటూ ఉన్నది రేషన్ కార్డు మీద ఇంటిల్లిపాదితో కలిపి తీసిందేనని, దాంట్లో తన మొహం కందిగింజంత ఉంటుందని చెప్పింది. కొడుకు కోటు వేసుకుని దిగిన ఫోటో మాత్రం ఇంట్లో పెద్దగా ఉందట. ఏ కోటో నాకు వేరే చెప్పనక్కరలేదు. బాపు వైపు చూశాను. ఆయన వింటున్నాడు, విననట్టు కెమెరా అద్దం తుడుస్తున్నాడు.

ఎండ పచ్చబడుతుండగా వంపు అవతల కూత వినిపించింది. బాపు లేచి, కోటు దులుపుకుని, పట్టాకు కాస్త పక్కగా తన చోట నిలబడ్డాడు. ఎప్పటిలాగే ఒక్కసారే నొక్కుతాడు. ఇంజన్ కనబడింది. ఎండ సరిగ్గా మొహం మీద పడింది. మెల్లగా, అడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు వస్తోంది. బాపు పెదవులు కదిలాయి. తల లేపు అంటున్నాడో ఏమో.

అప్పుడు లేచారు ఆ ఆడవాళ్లు. బిందెల్లో నీళ్లు ఉన్నాయని, వాటిలో పసుపు కలిపి వేపాకు వేశారని మాకప్పుడే తెలిసింది. అది సాక. అమ్మవారు వాకిట్లోకి వస్తే కాళ్ల ముందు పోసి చల్లబరిచే నీళ్లు. ఇంటికి వచ్చేది ఏదైనా సాక పోయకుండా రానివ్వరు మా వైపు. ఏడుగురూ కట్ట ఎక్కి పట్టాల మీదికి పోయి, వస్తున్న రైలుకు ఎదురుగా నీళ్లు పోయడం మొదలుపెట్టారు. మార్త అని వాళ్లలో ఒకామె చర్చికి పోయే మనిషి. కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకుంటూనే తన బిందె తాను వంచింది. ఇంజన్ కూత మీద కూత వేసింది. చక్రాలు కీచుమన్నాయి. వాళ్లకు ఇంకా చాలా దూరం ఉండగానే రైలు ఆగిపోయింది.

డ్రైవరు తల బయట పెట్టాడు. "ఏంటమ్మా ఇది? పట్టాల మీదకు వస్తారా ఎవరైనా?" అన్నాడు. మా వైపు మనిషి కాదు.

"కొత్తగ అస్తున్నది గదా సారూ. ఉత్తగ ఎట్ల రానిస్తం?" అంది మల్లవ్వ.

వెనక డబ్బాలోంచి అధికారులు అరుస్తున్నారు. డ్రైవరు వాళ్లకు చెయ్యి ఊపి ఆగమన్నాడు. మల్లవ్వ మిగతావాళ్లను వెంటేసుకుని ముందుకు పోయి ఇంజన్‌కు పసుపు రాసి బొట్టు పెట్టింది. అంతటితో దిగిపోతారనుకున్నాం. అప్పుడే ఆమెకు బాపు చేతిలో కెమెరా కనబడింది. "ఇటు సూడుండ్రే, సారు దించుతున్నడు" అంది. ఏడుగురూ రైలుకు వీపు పెట్టి ఇటు తిరిగారు. బిందెలు నడుముకు పెట్టుకుని, వరుసగా, రేషన్ కార్డుకు నిలబడినట్టు నిటారుగా నిలబడ్డారు.

"జరుగుండ్రి" అన్నాడు బాపు. జరగలేదు. ఇంకా తీయలేదు కాబట్టి ఆగమంటున్నాడనుకున్నారు. "జరుగుండ్రమ్మా" అన్నాడు మళ్లీ. ఇంకా దగ్గరకు జరిగి నిలబడ్డారు. ఎండ జారిపోతోంది. డ్రైవరు కూత వేస్తున్నాడు. మీట నొక్కిన చప్పుడు వినబడితే తప్ప వాళ్లు కదలరని బాపుకు అర్థమైంది. నొక్కాడు. టిక్కుమంది. వాళ్లు సంతోషంగా కట్ట దిగారు. తిరగకుండా ఇరుక్కున్న ఫిల్మ్‌ను ఆయన సరిచేసి మళ్లీ తల ఎత్తేసరికి ఇంజన్ కదిలి, ఆయన్ను దాటి, డబ్బాలు చూపిస్తూ స్టేషన్ వైపు పోయింది. నెలరోజులు ఎదురుచూసిన మొహం ఆయనకు వీపు చూపించింది.

"మేం పడ్డమా సారూ?" అని మల్లవ్వ పరిగెత్తుకొచ్చింది. బాపు కోటు విప్పి చేతి మీద వేసుకుని స్టేషన్ వైపు నడిచాడు. ఆ మొహం చూసి నాకు భయం వేసింది. ఆమె మొహం చూసి సిగ్గు వేసింది. "పడ్డరు పెద్దమ్మా. పటం నేను తెచ్చిస్త" అన్నాను. "మరువకు బిడ్డా" అంది ఆమె. మరువనన్నాను.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఎర్ర బల్బు వెలిగింది. బాపు ఒక్కటే ప్రింటు తీసి, మందు పళ్లెంలో తేలుతున్న దాన్ని చూసి, తడి ఆరకముందే చింపేశాడు. నేను అడిగాను. బతిమిలాడాను. "చెడిపోయిన పటం నా చేతికెల్లి బయటికి పోదు బిడ్డా. రైలుకు పోయిండు, రైలు లేకుండ తెచ్చిండంటరు" అన్నాడు. పని మీద అంత పట్టింపు ఉన్న మనిషితో నేనేం వాదిస్తాను. అప్పుడు ఆ పట్టింపు నాకు గొప్పగానే కనబడింది. ఇప్పుడూ గొప్పదే అంటాను, కానీ ఆ ఒక్కసారి అది తప్పు చేసింది. ఆ కూలివాళ్లు ఇంకో పనికి ఇంకెటో పోయారు. నాకు పరీక్షలు, పెళ్లి, ఉద్యోగం. ఇచ్చిన మాట అట్లా సందున పడిపోయింది.

నేనిప్పుడు సిరిసిల్లలో బడిపంతులమ్మను. ఇక్కడికి ఇంకా రైలు రాలేదు, పనులు నడుస్తున్నాయి. బడి నుంచి వస్తూ ఆగి చూస్తాను. పొడుగు చేతుల యంత్రాలు, తలకు పసుపు టోపీలు పెట్టుకున్న ఎక్కడెక్కడి మనుషులు. వాళ్ల భాష నాకు రాదు. మల్లవ్వ కొడుకు అన్న మాట ఇప్పుడు సగం నిజమే అయింది. కోరుట్లలో ఇప్పుడు రైలు ఆగుతుంది, పట్టా మీద కరెంటు తీగలు వచ్చాయి, పిల్లలు ప్లాట్‌ఫారం మీద ఫోన్లు పట్టుకుని నిమిషానికి పది ఫోటోలు తీస్తారు. నాకు దాని మీద కోపం లేదు. మా పిల్లలూ అదే చేస్తారు. తీసిన ఫోటోలో ఎవరు అడ్డం వచ్చినా వాళ్లకు బాధ లేదు, ఇంకోటి తీస్తారు. కానీ ఒక్కదాని కోసం నెలరోజులు ఎండ దారి చూసిన మనిషి కడుపున పుట్టాను కాబట్టి, నా కంటికి ఆ పది ఫోటోల్లో ఏ ఒక్కటీ ఆనదు.

కవరు తెచ్చి బాపు ముందు పెట్టాను. అద్దాలు పెట్టుకుని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "జేబుల నేనే పెట్టిన. కొడిమ్యాల మనిషి ఎవలన్న ఫోటోకు అస్తె కోటు తొడిగేటప్పుడు యాదికస్తదని" అన్నాడు. "కోటు రోజు సూసిన బిడ్డా. జేబే సూడలె." ఎర్ర పెన్సిల్ గుర్తును బొటనవేలితో రుద్దాడు. అది పోలేదు. ఆ తర్వాత ఎంతమంది ఆ కోటు వేసుకున్నారో, ఎంతమంది గుండెల మీద పెట్టుకుని ఆ ఏడుగురిని మోశారో, వాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు.

జగిత్యాలలో పెద్ద సైజులో ప్రింటు తీయించాం. బాపు దగ్గరుండి రెండుసార్లు మళ్లీ తీయించాడు, నలుపు చాలలేదని. కొడిమ్యాలలో అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. మల్లవ్వ వాకిట్లో చాప మీద చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ముగ్గుబుట్ట అయింది, చేతులు మాత్రం అవే. మస్కట్ నుంచి ఎప్పుడో తిరిగొచ్చేసిన కొడుకు నడివయసు మనిషి, కుర్చీలు తెచ్చి వేశాడు. లోపల గోడ మీద మా కోటులో పడుచువాడుగా ఉన్నదీ అతనే. బాపు కుర్చీలో కూర్చోలేదు. "తప్పయింది మల్లవ్వా. ఆనాడే ఇయ్యాల్సింది" అని ఫోటో ఆమె చేతిలో పెట్టాడు. నా మాట నేనూ చెప్పుకోవాలి కదా. "మరిచిపోయిన పెద్దమ్మా" అన్నాను.

ఆమె మమ్మల్ని పట్టించుకోలేదు. ఫోటోను ఎండలోకి జరుపుకుని ఒక్కొక్కరి మీద వేలు పెట్టింది. "గీమె రాజవ్వ. గీమె మార్త, పోయింది పాపం. గిది నా తోటికోడలు. గిది నేను, సూడు ఎంత గట్టిగున్ననో." కొడుకు ఆమె భుజం మీంచి వంగి చూస్తున్నాడు. చెయ్యి తెచ్చి తల్లి వీపు మీద పెట్టాడు. చివర ఉన్న ఏడో మనిషి దాకా పోయి, ఆమె మళ్లీ మొదటికి వచ్చింది. ఏదో వెతుకుతోంది.

"అందరం మేమె ఉన్నం గదా సారూ. రైలేది?" అంది.

బాపు చాప మీద ఆమె పక్కన కూర్చుని, ఆమె బొమ్మ భుజం పైన కనబడుతున్న చిన్న గుండ్రటి బిళ్లను చూపించాడు. ఇంజన్‌కు ఒక్క చెవి. "గిదిగో. మీ ఎనుక ఉన్నది. మీరు ముంగట ఉన్నరు" అన్నాడు.

మల్లవ్వ కళ్లు చిట్లించి దాన్ని చూసింది. తర్వాత తలూపి, దాంట్లో వింత ఏముందన్నట్టు అంది.

"అవు మరి. ముందుగాల అచ్చింది మేమె గదా సారూ. రైలు ఎనుక అచ్చింది."